పక్కపక్కన నడిస్తే మాట వస్తుందా?

ఋషికుల్య (బరంపురం) | జూన్ 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

మావారు 36 ఏళ్లు పట్టు మగ్గం నేశారు. చీరలు, మగవారి జోడు పంచెలు, అంచుల్లో గుడి గోపురాల్లాంటి కుంభాలు. ఈ ఊళ్లో ఎన్ని పెళ్లిపీటల మీద ఆయన నేసిన బట్ట మెరిసిందో లెక్క లేదు. రెండేళ్ల క్రితం చూపు సహకరించక మగ్గం విప్పేశాం. అప్పటినుంచి పొద్దున వీధి అరుగు, మధ్యాహ్నం మంచం, సాయంత్రం మళ్లీ అరుగు. షుగరు వచ్చింది, మోకాళ్లు బిగుసుకున్నాయి. వాటికి మందులున్నాయి. నన్ను కలవరపెడుతున్నది ఇంట్లో మాట ఆగిపోవడం. "మాత్ర వేసుకున్నారా?" "వేసుకున్నాను." ఇక రాత్రి వరకూ అంతే.

మొన్న చైత్రంలో మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి తారాతారిణి కొండకు వెళ్లాం. కింద నుంచి పైకి 999 మెట్లు. రోప్‌వే ఉంది, అల్లుడు టికెట్లు తీస్తానన్నాడు. ఈయన ఒప్పుకోలేదు, మొక్కు మెట్ల మీదుగానే తీరాలన్నారు. పిల్లలు ముందు వెళ్లిపోయారు. మేమిద్దరం యాభై మెట్లకోసారి ఆగుతూ ఎక్కాం. నాలుగోసారి ఆగినప్పుడు కింద నది కనిపించింది. ఈయన ఉన్నట్టుండి వాళ్ల నాన్నగారి సంగతి ఎత్తుకున్నారు. పదేళ్ల వయసులో నాన్నతో ఇదే కొండ ఎక్కారట. దిగేటప్పుడే నాన్న చెప్పారట, ఇక బడి చాలు, రేపటినుంచి మగ్గం దగ్గరికి రమ్మని. 34 ఏళ్ల కాపురంలో నేనెన్నడూ వినని మాట ఇది. పైకి చేరేవరకూ చెబుతూనే ఉన్నారు. ఇంటికి వచ్చాక మళ్లీ అరుగు, మళ్లీ మౌనం.

నేను అడగదలచుకున్నది ఇదే. ఆ మాట కొండ వల్ల వచ్చిందా, మెట్లు ఎక్కడం వల్ల వచ్చిందా? ఇంటి దగ్గర రోజూ దాన్ని ఎలా తెచ్చుకోవాలి? కూతురు అడుగులు లెక్కపెట్టే గడియారం కొని పంపింది. అది సొరుగులో ఉంది. నడకకు రమ్మంటే "ఎక్కడికి?" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మహేంద్రతనయ తీరం (పర్లాకిమిడి) | జూన్ 4, రాత్రి 10:35

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంటి కథ చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

మా అన్నయ్యకూ నాకూ పెరటి గోడ దగ్గర తగువు వచ్చి నాలుగేళ్లు మాటల్లేవు. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకు తిరిగిపోయేవాళ్లం. ఇద్దరికీ షుగరే. ఇద్దరికీ ఒకే డాక్టరు, పొద్దున నడవమని ఒకే సలహా. పర్లాకిమిడిలో నడవడానికి బాగుండే దారి ఏటివైపు వంతెన, అవతల పాతపట్నం. మా ఊరు ఒడిశాలో, అది ఆంధ్రలో. ఇద్దరం ఒకే దారిన, ఒకే వేళకు, యాభై అడుగుల ఎడంగా నడిచేవాళ్లం. ముందు అన్నయ్య, వెనుక నేను. ఇలా నెలరోజులు.

ఒకరోజు వంతెన దగ్గర కుక్కలు నా వెంటపడ్డాయి. అన్నయ్య వెనక్కి తిరిగి వచ్చి చేతికర్రతో అదిలించాడు. ఏమీ మాట్లాడలేదు. కర్ర నా చేతిలో పెట్టి, మళ్లీ ముందుకు నడిచాడు. ఈసారి మెల్లగా నడిచాడు. నేను కలిశాను. పాతపట్నంలో టీ తాగి, తెలుగు పేపరు చెరో సగం చదువుకుని తిరిగి వచ్చాం.

గోడ సంగతి ఆ రోజు రాలేదు, ఆ వారమూ రాలేదు. చిన్నప్పటి రైలు సంగతి వచ్చింది. నౌపడా నుంచి మా ఊరికి రాజావారి కాలంలో, 1900లో వేసిన చిన్న పట్టాల రైలు. 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. మా చిన్నతనంలో అది ఎంత నిదానంగా వెళ్లేదంటే, పిల్లలం పక్కన పరుగెత్తి దాటేవాళ్లం. నేను కిందపడి మోకాలు చీరుకుంటే అన్నయ్య నన్ను వీపున వేసుకుని ఇంటికి తెచ్చాడు. 2004లో ఆ రైలు ఆగిపోయింది, 2011లో పెద్ద పట్టాలతో మళ్లీ మొదలైంది. ఆ కబుర్లు రెండు నెలలు నడిచాయి. గోడ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ దాని మీద కోపం మిగల్లేదు. ఒకనాడు వంతెన మధ్యలో అన్నయ్యే అన్నాడు: "రెండడుగులు నువ్వు తీసుకో, నీ కొడుకు బండి పెట్టుకుంటాడు." వద్దన్నాను. చివరికి చెరో అడుగు.

నాకు తోచింది ఒకటి. ఎదురెదురుగా కూర్చుంటే కళ్లు కలుస్తాయి, మాట బిగుసుకుంటుంది. నడకలో ఇద్దరి చూపూ దారి మీదే ఉంటుంది. మౌనంగా ఉన్నా అది అలిగినట్టు కాదు, నడుస్తున్నట్టే. అందుకే బరువైన మాట కూడా తేలిగ్గా పైకి వస్తుంది.

అప్పడాల ఇల్లు (బరంపురం) | జూన్ 5, మధ్యాహ్నం 2:20

మీ ఇద్దరివీ చదివాను. బాగున్నాయి. కానీ నా మాట కూడా వినండి.

నేను తెల్లవారుజామున 4 గంటలకు లేచి పిండి కలుపుతాను. తొమ్మిది వరకూ అప్పడాలు ఒత్తడం, తరువాత డాబా మీద ఆరబెట్టడం. ఎండకు తిప్పాలి, మబ్బు పడితే దించాలి. రోజుకు ఎన్నిసార్లు మేడ మెట్లు ఎక్కి దిగుతానో లెక్క పెట్టలేదు. మధ్యలో వంట, బట్టలు, అత్తగారి స్నానం. నడుం నొప్పి అని వెళితే డాక్టరు అడిగిన మొదటి మాట "వ్యాయామం చేస్తున్నారా?" ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను.

ఇంకొకటి. మగవారు టీకొట్టు దాకా నడిచి వస్తే అది ఆరోగ్యం. ఆడది ఒక్కతే సాయంత్రం వీధిలో నడిస్తే "ఎక్కడికి తిరుగుతోంది?" అంటారు. నడకకు కాళ్లుంటే చాలదు, తీరిక ఉండాలి, వీధి మనదై ఉండాలి. ఈ రెండూ లేనివాళ్లకు మీరేం చెబుతారు?

ఎముక కండ (రాయగడ) | జూన్ 5, రాత్రి 8:45

నేను ఫిజియోథెరపీ చేస్తాను, పదిహేడేళ్లుగా. అప్పడాల ఇల్లు గారికి ముందుగా జవాబిస్తాను. ఆ ప్రశ్న మా దగ్గరికి వచ్చే సగంమంది ఆడవాళ్ల ప్రశ్న. మాలో చాలామంది దాన్ని వినకుండానే కాగితం మీద "నడక" అని రాసేస్తాం.

మీరు చేసేది శారీరక శ్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఇంటిపని, కూలిపని కూడా లెక్కలోకే వస్తాయి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని ఉండాలన్నారు. మీరు నిమిషాల లెక్క ఎప్పుడో దాటేశారు. మీకు తక్కువైనది కదలిక కాదు. ఒత్తేటప్పుడు నడుం ముందుకే వంగుతుంది, భుజాలు ముందుకే పోతాయి. ఒకే వంపు, వేలసార్లు. దానికి ఎదురు కదలిక కావాలి, మధ్యలో విరామం కావాలి. అరగంటకోసారి లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మెల్లగా వెనక్కి వంగండి, ఐదుసార్లు. గోడకు వీపు ఆనించి చేతులు పైకీ కిందికీ జార్చండి. పిండిబల్ల నేల మీద ఉంటే దాన్ని ఎత్తుగా అమర్చుకోండి, నిలబడి ఒత్తవచ్చు. కాలికి తిమ్మిరి పాకితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

రెండో సంగతి, శ్రమ వేరు, ఆట వేరు. ఆటలో ఆపే హక్కు మన చేతిలో ఉంటుంది. మీకు లేనిది అదే. దీనికి మందు నా దగ్గర లేదు, మీ ఇంట్లో ఉండాలి.

ఇక ఋషికుల్య గారూ. 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు, ఆయన బృందం రెండంతస్తుల బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశోధన ప్రచురించారు. డ్రైవర్లు రోజంతా కూర్చుంటారు, కండక్టర్లు రోజంతా మెట్లు ఎక్కి దిగుతారు. ఒకే బస్సు, ఒకే ఊరు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువ కనిపించింది. అప్పటిదాకా శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని ఇంత స్పష్టంగా ఎవరూ చూపలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీవారు కూర్చుని పనిచేశారని అందరూ అనుకుంటారు. గుంట మగ్గం కూర్చున్న పని కాదమ్మా. కాళ్లు రోజంతా పలకలు తొక్కుతాయి, ఒక చెయ్యి నాడె విసురుతుంది, మరో చెయ్యి పోగు కొడుతుంది. కదిలే కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే లోపలికి లాక్కుంటుంది. 36 ఏళ్లు రోజంతా జరిగిన ఆ పని ఒక్కరోజులో ఆగింది. ఆయన కోల్పోయింది జీతం ఒక్కటే కాదు, ఒంటికి అలవాటైన తాళం.

భోజనం చేసిన కాసేపటికి పది, పదిహేను నిమిషాలు నడిపించండి చాలు. షుగరు మాత్రలు వేసుకుంటారు గనుక, దారిలో చక్కెర మరీ పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో రెండు బెల్లం ముక్కలు ఉంచండి. చెప్పులు లేకుండా నడవనివ్వకండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూడండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో బరువు అనిపిస్తే అక్కడే ఆపించాలి.

ఋషికుల్య (బరంపురం) | జూన్ 5, రాత్రి 9:30

తాళం అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో మాటలు ఆగాయని రాశాను. అంతకంటే ముందు ఆగింది మగ్గం చప్పుడు. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, తరువాత అది లేకపోతే పట్టేది కాదు. ఆయనకు ఎలా ఉందో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

మూడో షిఫ్టు (రాయగడ) | జూన్ 7, ఉదయం 7:05

ఇప్పుడే కాగితం మిల్లు నుంచి వచ్చాను, పడుకునే ముందు రాస్తున్నాను. నాది కొడుకు సమస్య. పద్నాలుగేళ్లవాడు. బడిలో ఒడియా, స్నేహితులతో ఒడియా, ఫోనులో హిందీ. నాతో తెలుగులో మాట్లాడాలంటే వాడికి మాటలు వెతుక్కోవాలి. వెతుక్కోవడం ఇష్టం లేక మాట్లాడడం మానేశాడు. నేను రాత్రి షిఫ్టు చేసి చిరాకుగా లేచేవాణ్ణి, వాడి చేతిలో ఫోను చూసి అరిచేవాణ్ణి. రోజూ ఇదే.

పోయిన శీతకాలం మా క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో వల కట్టి బల్బు వేసుకున్నారు. షటిల్ ఆటకు ఒకరు తక్కువై నన్ను పిలిచారు. అవతలివైపు మావాడే. 21కి 6 కొట్టాడు నన్ను. మర్నాడు వాడే వచ్చి లేపాడు. రాకెట్ ఎలా పట్టుకోవాలో చూపించాడు. పాయింట్లు ఒడియాలో లెక్కపెడతాడు, నేనూ అలాగే లెక్కపెడుతున్నాను. ఆట మధ్యలో "నాన్నా, వెనక్కి! వెనక్కి!" అని అరుస్తాడు. ఆ మాట మాత్రం తెలుగులోనే వస్తుంది. ఇన్నాళ్లూ నేను వాడికి చెప్పేవాణ్ణి, ఇప్పుడు వాడు నాకు చెబుతున్నాడు. మా మధ్య మారింది అదే అనుకుంటున్నాను. నా నిద్ర కూడా కుదుటపడింది, తలనొప్పి మాత్రలు మానేసి నాలుగు నెలలైంది.

పీఈటీ మాస్టారు (గుణుపురం) | జూన్ 7, రాత్రి 9:50

మూడో షిఫ్టు గారూ, మీరు రాసింది మా మైదానంలో రోజూ చూస్తాను. మా బడిలో సవర పిల్లలున్నారు, ఒడియా పిల్లలున్నారు, మన తెలుగు పిల్లలున్నారు. తరగతి గదిలో ముగ్గురు మూడు బెంచీల్లో. చెడుగుడు బరిలోకి దిగితే ఏడుగురూ ఒకే గొలుసు. కూతకు పోయినవాడి కాలు పట్టుకునేటప్పుడు పక్కవాడిది ఏ భాషో అడగరు.

ఈ ఆటలో ఒక నియమం ఉంది, దాని గురించి చెప్పాలనిపిస్తోంది. అవుటైనవాడు పక్కన కూర్చుంటాడు. వాడు తనంతట తాను లోపలికి రాలేడు. తన జట్టువాళ్లు అవతలివాణ్ణి ఒకణ్ణి అవుట్ చేస్తే వీడు లేచి వస్తాడు. పిల్లలు దాన్ని "చావడం", "బతకడం" అంటారు. చచ్చి కూర్చున్నవాడు బరిలోవాళ్ల కోసం గొంతు చించుకుని అరుస్తాడు, ఎందుకంటే వాడి బతుకు వాళ్ల చేతిలో ఉంది. నెలకిందట కొట్టుకున్న ఇద్దరు పిల్లల్లో ఒకడు మొన్న కూతకు వెళ్లి ఇద్దర్ని తాకి వచ్చాడు. రెండోవాడు బతికి లేచి, నేరుగా వెళ్లి వాణ్ణి వాటేసుకున్నాడు. నేను చేసిన రాజీలు మూడు విఫలమయ్యాయి. ఈ ఒక్క కూత పని చేసింది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఓడి వచ్చిన పిల్లవాణ్ణి గుమ్మంలోనే "ఓడిపోయావా?" అని అడగకండి. ఆట మానేసిన పిల్లల్లో ఎక్కువమంది ఓటమికి భయపడి మానలేదు, ఇంట్లో ఆ ప్రశ్నకు భయపడి మానారు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు కదలాలి. ఆ గంట మార్కుల్లో ఎక్కడా కనిపించదు, కానీ పరీక్షల నెలలో నేను ఆటల పీరియడు వదులుకోను. లెక్కల మాస్టారికీ నాకూ దీని మీద ఏటా వాదనే.

ఆడపిల్లల విషయం కూడా. కరణం మల్లీశ్వరి మనకు దూరం కాదు, పక్కనున్న శ్రీకాకుళం జిల్లా అమ్మాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో, వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో అదే ఆటలో, 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచాడు. మా బడిలో అమ్మాయిలకు ఈ రెండు పేర్లూ చెబుతాను. మల్లీశ్వరి పేరు రెండుసార్లు చెబుతాను.

లెక్కల మనిషి (పర్లాకిమిడి) | జూన్ 8, ఉదయం 6:40

రోజుకు 10,000 అడుగులు తప్పనిసరి అంటారు కదా, దాని గురించి ఎవరూ రాయలేదే?

ఎముక కండ (రాయగడ) | జూన్ 8, మధ్యాహ్నం 1:15

ఆ అంకె వైద్యుల దగ్గర పుట్టలేదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు కొలిచే పరికరం అమ్మింది. దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టింది. గుర్తుంచుకోవడానికి సులువు గనుక అంకె నిలిచిపోయింది. అంతకంటే తక్కువ నడిచినా మేలు ఉంది. ఏమీ నడవనివాళ్లు కొద్దిగా మొదలుపెట్టినప్పుడే మార్పు ఎక్కువగా కనిపిస్తుంది.

మహేంద్రతనయ తీరం (పర్లాకిమిడి) | జూన్ 8, మధ్యాహ్నం 3:00

మేనల్లుడు అన్నయ్యకు అలాంటి గడియారమే పెట్టాడు. అంకె తగ్గిందని అన్నయ్య వేగం పెంచాడు. నేను వెనకబడ్డాను, కబుర్లు తెగిపోయాయి. నాలుగో రోజు తనే విప్పి మేనల్లుడికి ఇచ్చేశాడు. అందరికీ ఇలాగే అవుతుందని అనను. మాకు మాత్రం లెక్క కంటే తోడు ముఖ్యం.

దింసా పిల్ల (జయపురం) | జూన్ 9, రాత్రి 10:20

అప్పడాల ఇల్లు అక్కా, మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆలోచించాను.

మా కొరాపుట్ వైపు దింసా ఆడతారని మీకు తెలిసే ఉంటుంది. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని వరుస కడతారు. ఒకరి అడుగు తప్పితే వరుసంతా ఊగుతుంది. పక్కమనిషి బరువు మన నడుం మీద తెలుస్తుంది. మా నాయనమ్మ ఊళ్లో సంతరోజు రాత్రి అరవై ఏళ్లవాళ్లు కూడా గంటసేపు ఆడి, అలసట లేకుండా నవ్వుతూ ఇళ్లకు వెళ్లడం చూశాను. అది ఎలా సాధ్యమో కాలేజీలో తెలిసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పడవ పోటీ జట్టులోని 12 మందిని ఒక పరిశోధనలో పరీక్షించారు. ఒక్కొక్కరు విడిగా తెడ్డు యంత్రం మీద కసరత్తు చేసినప్పటికంటే, అందరూ ఒకే లయలో కలిసి చేసినప్పుడు నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. చేసిన శ్రమ అంతే, తేడా కలిసి చేయడంలోనే. ఒంట్లో పుట్టి నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు కారణం కావచ్చని వాళ్ల ఊహ. ఆ పాఠం విన్నప్పుడు నాకు మా నాయనమ్మ నవ్వు గుర్తొచ్చింది.

మీరన్న తీరిక గురించి. మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు అనుకుంటాను. అట్లతద్ది నాడు తెల్లవారకముందే లేచి, అన్నం తిని, ఆడపిల్లలు వీధిలో ఆడుకుంటారు, ఉయ్యాలలు ఊగుతారు. ఆ రోజు "ఎక్కడికి తిరుగుతున్నావు?" అని అడిగేవారు లేరు. ఒడియా ఇళ్లలో రజో పండుగ ఇంకో వారంలో వస్తోంది. మూడు రోజులు భూమికి విశ్రాంతి, దున్నరు. ఆడవాళ్లకూ విశ్రాంతే. వాళ్లు ఉయ్యాల ఊగుతారు, గొంతుక్కూర్చుని గెంతే పుచి ఆట ఆడతారు. రెండు భాషల్లోనూ ఆడవాళ్ల ఆటకు దేవుడి పేరు అడ్డుపెడితే తప్ప చోటు దొరకలేదు. నాకు దాని మీద కోపమూ ఉంది, కృతజ్ఞతా ఉంది. ఆ మూడు రోజులను మనమే ఎందుకు పెంచుకోకూడదు? ఒక్కరు నడిస్తే వీధి అడుగుతుంది. ఆరుగురు కలిసి నడిస్తే వీధి పక్కకు తప్పుకుంటుంది. మా లైనులో మేం ఐదుగురం అలాగే మొదలుపెట్టాం.

అప్పడాల ఇల్లు (బరంపురం) | జూన్ 10, మధ్యాహ్నం 2:45

చెల్లీ, కోపమూ కృతజ్ఞతా అన్నావు, సరిగ్గా అదే. చూస్తాను. మాట ఇవ్వను.

అప్పడాల ఇల్లు (బరంపురం) | జూన్ 22, రాత్రి 8:30

చూస్తానన్నాను, చూశాను.

రజో మూడు రోజులూ మా పక్కింటి ఒడియా వాళ్లు పని ముట్టలేదు. నేనూ అప్పడాలు ఆపేశాను. ఆర్డరు ఉన్నా ఆపాను. మొదటిరోజు ఏం చేయాలో తోచలేదు, చేతులు ఊరికే ఉండలేకపోయాయి. సాయంత్రం డాబా మీద సున్నపు రాయితో గళ్లు గీశాను. తొక్కుడుబిళ్ల. పక్కింటి కోడళ్లు ఇద్దరు, మా ఆడపడుచు, కింద అద్దెకున్న పిల్ల, నేను. పెంకుముక్క బిళ్ల. ఒంటికాలి మీద ఎనిమిది గళ్లు దాటేసరికి ఆయాసం వచ్చింది, కానీ నడుం నొప్పి గుర్తు రాలేదు. మా అత్తగారు మేడ మెట్లు ఎక్కి రెండేళ్లయింది. అరుపులు విని గోడ పట్టుకుంటూ పైకి వచ్చారు. "బిళ్ల అలా విసురుతారా?" అని లాక్కుని విసిరారు. సరిగ్గా ఏడో గడి మధ్యలో పడింది. దూకలేరు కదా, ఆమె తరఫున నేను దూకాను. ఆ రాత్రి ఆమె నాకు చిన్ననాటి ఆటలన్నీ వరుసగా చెప్పారు. పదకొండేళ్లుగా నేను ఆమెకు స్నానం చేయిస్తున్నాను. మాకు పని తప్ప వేరే మాట ఉంటుందని నాకు తెలియదు.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు ఐదు గంటలకు డాబా మాది. ఆ రెండు రోజులూ ఆరిన అప్పడాలు మావారు దించుతున్నారు. ఆయన అడగలేదు, నేనే చెప్పాను. చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది.

అయినా నా మొదటి మాట వెనక్కి తీసుకోవడం లేదు. డాబా ఉన్నవాళ్లకు డాబా. లేనివాళ్లకు వీధిలో దీపం కావాలి, పార్కులో కూర్చోవడానికి భయంలేని చోటు కావాలి. మా వీధి ఆడవాళ్లం తొమ్మిదిమందిమి దీపాల కోసం అర్జీ రాశాం. ఒడియాలో పక్కింటి కోడలు రాసింది.

ఎముక కండ (రాయగడ) | జూన్ 22, రాత్రి 9:00

మీ అత్తగారి వయసువాళ్లకు నిలకడ కోసం మేం నేర్పించే కసరత్తుల్లో ఒంటికాలి మీద నిలబడడం ఒకటి. వారానికి మూడు రోజులైనా చేస్తే పడిపోవడం తగ్గుతుంది. ఆమెను గోడ పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టేవరకూ నిలబడమనండి, మీరు పక్కనే ఉండండి. తరువాతి ఆటకు ఆమెకే ఒక గడి దక్కవచ్చు.

ఋషికుల్య (బరంపురం) | జులై 19, రాత్రి 9:40

నెలన్నర తరువాత వస్తున్నాను, మన్నించండి.

మొదట రామలింగం చెరువు పార్కుకు తీసుకువెళ్లాను. రెండు రోజులు వచ్చారు. చుట్టూ తిరిగి మొదటి చోటికే రావడం ఆయనకు నచ్చలేదు. "ఎక్కడికి?" అన్న ఆ ప్రశ్నే మళ్లీ. మూడో రోజు నేను అడగకుండా చెప్పాను: "మీతోపాటు మగ్గం నేర్చుకున్నాయన ఇల్లు ఎక్కడో నాకు తెలియదు, చూపించండి." చెప్పులు వేసుకున్నారు.

అంతే, దారి దొరికింది. మా ఊళ్లో నేతవాళ్ల వీధులు ఎన్నో ఉన్నాయి. రాత్రి భోజనం ముందుగా ముగించి రోజుకో వీధి, రోజుకో పాత స్నేహితుడి ఇల్లు. కొన్ని ఇళ్లలో మగ్గం ఇంకా ఆడుతోంది. బయట నిలబడి ఆ చప్పుడు వింటారు. "పలక వదులైంది, వినిపిస్తోందా?" అని నన్ను అడుగుతారు. నాకు వినిపించేది కాదు, ఇప్పుడు కొంచెం వినిపిస్తోంది. ఒక ఇంట్లో కుర్రాడు పోగు తెగి అవస్థపడుతుంటే లోపలికి వెళ్లి ముడి చూపించి వచ్చారు. కళ్లు కనపడకపోయినా వేళ్లకు తెలుసు. తిరిగి వచ్చే దారిలో మాట ఆగలేదు. ఆయన చేసిన మొదటి చీర ఎవరు కొన్నారో, దాని డబ్బుతో ఏం చేశారో, మా పెళ్లి పట్టు ఎన్ని రాత్రులు నేశారో. అది తనే నేశారని నాకు ఇప్పుడే తెలిసింది. వాళ్ల నాన్నగారు నేశారనుకున్నాను ఇన్నాళ్లూ.

వానలు మొదలయ్యాక ఆగిపోతుందని భయపడ్డాను. ఇంట్లో ఒకటే మంచి గొడుగు ఉంది. ఇద్దరికీ సరిపోవాలంటే అడుగు కలిపి నడవాలి. ఆయన అడుగు మగ్గం అడుగు, సమంగా పడుతుంది. నేను దానికి తగ్గట్టు నడవడం నేర్చుకుంటున్నాను. షుగరు మునుపటికంటే దిగింది, డాక్టరు మాత్ర మార్చలేదు, చూద్దాం అన్నారు. మోకాళ్లు పొద్దున ఇంకా బిగుసుకుంటాయి. కొన్ని రోజులు మాట ఉండదు, నడక మాత్రం ఉంటుంది. ఆ రోజులు నాకు బాధగా లేవు.

ఇవాళ అరుగు మీద కూర్చుని ఆయనే అడిగారు, "రేపు ఏ వీధి?" అని.

వానలు తగ్గాక ఒక ఆదివారం మళ్లీ తారాతారిణి ఎక్కుదామనుకుంటున్నాం. ఉదయం 6 గంటలకు కింద మెట్ల దగ్గర ఉంటాం. ఎవరైనా వస్తారా?

దింసా పిల్ల (జయపురం) | జులై 19, రాత్రి 10:05

జయపురం నుంచి రాత్రి బస్సు ఎక్కితే అందుకోగలను. నాయనమ్మను అడుగుతాను.

అప్పడాల ఇల్లు (బరంపురం) | జులై 20, మధ్యాహ్నం 2:30

అక్కా, నేనూ మా ఆడపడుచూ వస్తాం. దారికి ఉప్మా నేను తెస్తాను, మీరేమీ చేయకండి.

మహేంద్రతనయ తీరం (పర్లాకిమిడి) | జులై 20, రాత్రి 8:15

తేదీ చెప్పండమ్మా. అన్నయ్య కూడా వస్తానంటున్నాడు. మెట్ల దగ్గర కోతులుంటాయేమోనని అడిగాడు. కర్ర తెస్తాడట.